కొత్త మిడిల్ స్కూల్ భవనం: డబ్బు లెక్కకు ముందు పిల్లల లెక్క తేల్చండి

మీ ప్రభుత్వ మిడిల్ స్కూల్ పాతబడింది, గదులు చాలడం లేదు, కొత్త భవనం కోసం వేసిన కమిటీలో తల్లిదండ్రుల తరఫున మిమ్మల్ని పెట్టారు, ఎక్కడ మొదలుపెట్టాలి, డబ్బు ఎలా తేవాలి అని అడిగారు. నేను కూడా అలాంటి కమిటీలో తల్లిదండ్రుల తరఫునే కూర్చున్నాను, మొదటి మాట నుంచి పిల్లలు కొత్త గదుల్లో అడుగు పెట్టేదాకా. అక్కడ చూసింది, నేర్చుకున్నది చెప్తాను.

ముందు ఒక పని చేయండి. మొదటి మీటింగ్‌లోనే ఎవరైనా కొత్త భవనం రంగుల బొమ్మ తెస్తే దాన్ని పక్కన పెట్టించండి. బొమ్మ చూశాక అందరూ ముఖద్వారం గురించి, ఆడిటోరియం గురించి మాట్లాడతారు తప్ప అసలు ఎంతమంది పిల్లలు వస్తారు అన్న ప్రశ్న మళ్లీ ఎవరూ ఎత్తరు. ఎంత ఖర్చవుతుంది అన్నది ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే వస్తుంది.

పిల్లల లెక్క అనుకున్నంత కష్టం కాదు. పోయిన ఏడాది ఐదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఈ ఏడాది మీ ఆరో తరగతికి ఎంతమంది వచ్చారు, ఆ నిష్పత్తి గత ఐదేళ్లకు తీయండి. ఆరు నుంచి ఏడుకి, ఏడు నుంచి ఎనిమిదికి కూడా అలాగే. ఇప్పుడు ప్రైమరీ తరగతుల్లో ఉన్న పిల్లల మీద ఆ నిష్పత్తులు వేస్తే వచ్చే నాలుగైదేళ్ల సంఖ్య చాలావరకు తేలిపోతుంది, అంతకంటే దూరం చూడాలంటే జననాల నమోదు లెక్కలు, చుట్టుపక్కల కొత్త ఇళ్లకు ఇచ్చిన అనుమతులు చూడాలి. మిడిల్ స్కూల్‌కి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇక్కడ ఉండేది మూడు తరగతులే కాబట్టి ఒక పెద్ద బ్యాచ్ వస్తే భవనం ఒక్కసారిగా నిండిపోతుంది, మూడేళ్లకు ఆ బ్యాచ్ వెళ్లగానే ఖాళీ అవుతుంది. అత్యధిక సంఖ్యను పట్టుకుని కడితే గదులు ఊరికే పడుంటాయి, సగటు పట్టుకుంటే పిల్లలు వరండాలో కూర్చోవాలి. అందుకే సగటుకు కాస్త పైన కట్టి, ఇంకో నాలుగైదు గదులు తర్వాత కలుపుకునేలా పునాదులు, స్థలం, నీళ్ల లైన్లు, కరెంటు లోడు ముందే ఆలోచించుకోమని మా ఇంజినీరు చెప్పారు, అది నాకు చాలా సబబుగా అనిపించింది.

గదుల సంఖ్య దగ్గర మీరు గట్టిగా ఉండాలి. ప్రైమరీలో ఒక సెక్షన్‌కి ఒక గది చాలు. మిడిల్ స్కూల్‌లో సబ్జెక్టుకో టీచర్ ఉంటారు, సైన్స్ ల్యాబ్, కంప్యూటర్ గది, సంగీతం, బొమ్మలు, ఆటలు ఇవన్నీ టైమ్‌టేబుల్‌లో ఉంటాయి, కాబట్టి ప్రతి గదీ ప్రతి పీరియడ్‌లో నిండదు. మా లెక్కలో ఒక్కో గది 85 శాతం పీరియడ్లలో వాడకంలో ఉంటుందని పట్టుకున్నారు. నూటికి నూరు శాతం వాడకం చూపించి, చూశారా గదులు ఎంత తగ్గించామో అని ఎవరైనా అంటే అది కాగితం మీద మాత్రమే కుదిరే లెక్క. టీచర్లను పిలిచి వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడగండి. టాయిలెట్ల సంగతి, ముఖ్యంగా ఈ వయసు ఆడపిల్లలకు, టీచర్లు ఆయాలు చెప్పినంత సూటిగా ఆర్కిటెక్టులు చెప్పరు.

ఇక పాతదాన్ని బాగు చేయాలా, కొత్తది కట్టాలా? దీన్ని అభిప్రాయాలతో తేల్చకండి, భవనాన్ని తెరిచి చూడమని స్ట్రక్చరల్ ఇంజినీరుకు డబ్బు ఇవ్వండి. బ్రిటన్‌లో 2023 ఆగస్టు 31న, సెలవులు ముగియడానికి కొద్ది రోజుల ముందు, ఇంగ్లండ్‌లో వందకు పైగా స్కూళ్లకు భవనాలో, వాటిలో కొంత భాగమో వాడొద్దని చెప్పాల్సి వచ్చింది. కప్పుల్లో వాడిన రాక్ (RAAC) అనే తేలికపాటి కాంక్రీటు ముందుగా ఏ హెచ్చరికా లేకుండా కూలే ప్రమాదం ఉందని తేలింది. అది 1950ల నుంచి 1990ల దాకా వాడిన సరుకు, పైకి మామూలు స్లాబులాగే కనిపిస్తుంది. మీ భవనంలో లోపల ఏముందో తెలియకుండా మరమ్మతు అంచనా ఎవరు ఇచ్చినా దానికి విలువ లేదు. నిర్మాణం గట్టిగా ఉందని తేలితే మాత్రం మరమ్మతును చిన్నచూపు చూడొద్దు, మంచి గోడలను కూల్చి మళ్లీ అవే గోడలు కట్టడానికి ప్రజల డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

డబ్బు విషయానికొస్తే, కమిటీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాంట్రాక్టరుకు ఇచ్చే మొత్తాన్నే ఖర్చు అని జనానికి చెప్తారు. డిజైన్ ఫీజులు, మట్టి పరీక్ష, అనుమతులు, పర్యవేక్షణ, బెంచీలు, ల్యాబ్ సామాను, నెట్‌వర్క్, రోడ్డు, డ్రైనేజీ, పని జరిగేటప్పుడు పిల్లలను ఇంకోచోట కూర్చోబెట్టే ఖర్చు, ఇవన్నీ కలిపితే కట్టుబడి ఖర్చు మీద ఇంకో 20, 30 శాతం దాకా వెళ్లడం మామూలే. అనుకోని వాటికి కొంత విడిగా పెట్టుకోవాలి, పాత భవనం బాగుచేయిస్తుంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే గోడ పగలగొట్టాకగానీ లోపల ఏముందో తెలియదు. తర్వాత ధరల పెరుగుదల. ఏటా 5 శాతం పెరుగుతాయనుకున్నా మూడేళ్ల తర్వాత ఖర్చు ఈ రోజు వేసిన అంచనా కంటే దాదాపు 16 శాతం ఎక్కువవుతుంది. అంచనా ఏ ఏడాది ధరలతో వేశారో, పని సగానికి చేరేది ఎప్పుడో అడగండి, ధరల పెరుగుదల అప్పటిదాకా లెక్కేయాలి. ఈ మొత్తం అంతా కలిపి ఒకేసారి చెప్పండి. పెద్ద అంకె చూసి జనం మొదట ఉలిక్కిపడతారు, నిజమే, కానీ చిన్న అంకె చెప్పి రెండుసార్లు పెంచితే మిమ్మల్ని ఇక నమ్మరు, ఆ తర్వాత ఏ స్కూలు కోసం అడిగినా కష్టమే.

డబ్బు ఎక్కడి నుంచి అంటే సాధారణంగా పై ప్రభుత్వాల గ్రాంటు, స్థానిక పన్నులు, అప్పు లేదా బాండ్లు, కాస్త విరాళాలు, ఇంతే. విరాళాలతో లైబ్రరీ నింపొచ్చు, భవనం కట్టలేం, కాబట్టి వాటి మీద ఏడాది గడిపేయకండి. గ్రాంటు షరతులు డిజైన్ మొదలుకాక ముందే చదవండి, కొన్నిటికి గది కొలతలు, పిల్లల సంఖ్య, ఖర్చు చేయాల్సిన గడువు అన్నీ రాసి ఉంటాయి. అప్పు అయితే మొత్తం భారం లెక్కేసి చూపించండి. 5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 100 తెస్తే ఏటా 8 చొప్పున మొత్తం 160 కడతాం. ఇది భయపెట్టడానికి కాదు, భవనం అరవై ఏళ్లు నిలిచేదైతే రేపటి పిల్లలు వాడుకునే దానికి రేపటి పన్నులు కూడా కొంత మోయడం న్యాయమే. కానీ ఆ లెక్క జనానికి ముందే తెలియాలి.

ఖర్చు తగ్గించే చర్చ తప్పకుండా వస్తుంది, అప్పుడు మొదట కత్తిరించేది పర్యవేక్షణనే. దానికి ఒప్పుకోకండి. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో 2016 జనవరిలో తుపాను గాలికి ఒక ప్రైమరీ స్కూల్ గోడ కూలి టన్నుల కొద్దీ ఇటుక కింద పడింది, పిల్లలు రాకముందు జరగబట్టి సరిపోయింది. ఆ తర్వాత అదే ప్రైవేటు భాగస్వామ్య ఒప్పందం కింద కట్టిన 17 స్కూళ్లను మూసి తనిఖీ చేయాల్సి వచ్చింది. గోడ రెండు పొరలను కలిపే ఇనుప బిగింపులు సరిగా లోపలికి దిగలేదు, కట్టేటప్పుడు దగ్గరుండి చూసినవాళ్లు లేరు. దీనికి ఎదురు ఉదాహరణ కాలిఫోర్నియా. 1933 మార్చిలో లాంగ్ బీచ్ భూకంపంలో 70 దాకా స్కూళ్లు నేలమట్టమయ్యాయి, అది సాయంత్రం, పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి ఫీల్డ్ చట్టం తెచ్చి, ప్రభుత్వ స్కూళ్ల ప్లాన్లను రాష్ట్రం పరిశీలించాలని, పని జరిగినన్నాళ్లూ ఇన్‌స్పెక్టర్ ఉండాలని పెట్టారు. కాంట్రాక్టరు జీతమివ్వని, మీకు మాత్రమే జవాబుదారీగా ఉండే ఒక మనిషి సైట్‌లో రోజూ ఉండాలి. స్లాబు పోశాక లోపలి కమ్మీ ఎవరికీ కనిపించదు.

మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది నిర్వహణ బడ్జెట్. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1990లో చెప్పిన లెక్క ప్రకారం ప్రభుత్వ భవనాల మరమ్మతులు, నిర్వహణకు ఏటా వాటిని తిరిగి కట్టడానికయ్యే ఖర్చులో 2 నుంచి 4 శాతం పెట్టాలి. భవనం మంజూరు చేయడానికి చేతులెత్తినవాళ్లలో చాలామంది దీనికి ఎత్తలేదు. చివరికి భవనం తీర్మానంలోనే ఏటా ఎంత కేటాయిస్తారో రాయించగలిగాం, ఒక విశ్రాంత అకౌంటెంట్ పట్టు వదలకపోవడం వల్లే అది కుదిరింది. మీరూ రెండిటినీ ఒకే తీర్మానంలో పెట్టించండి, విడివిడిగా పెడితే రెండోది వాయిదా పడుతుంది.

వచ్చే మీటింగ్‌కు తరగతుల వారీగా ఐదేళ్ల పిల్లల సంఖ్యలు, పాత భవనం ప్లాన్లు దొరికితే అవి, గత పదేళ్లలో మరమ్మతులకు పెట్టిన ఖర్చు తీసుకెళ్లండి. ప్లాన్లు స్కూల్లో లేకపోతే భవనానికి అనుమతి ఇచ్చిన ఆఫీసులో అడగండి, వెతకడానికి వాళ్లకు టైమ్ పడుతుంది కాబట్టి ఈ వారమే రాతపూర్వకంగా అడగడం మంచిది.