పారేసిన సీసాల లెక్క పెరిగిన రెండు నెలలు

ప్రపంచ ఆరోగ్య రంగంలో పనిచేసే సంస్థలు తమ అనుభవం నుంచి నేర్చుకుంటే పనితీరు నిజంగా మెరుగుపడుతుందా అని మీరు అడిగారు. నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైనదాన్ని. మెరుగుపడుతుందనే నా అనుభవం, కాకపోతే మొదట్లో లెక్కలు చెడ్డగా కనిపిస్తాయి.

టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మా ఎండలకు జడిసి మేము వేడి గురించే ఆలోచించేవాళ్లం. బుధ, శనివారాల్లో ఏఎన్ఎంలు డీప్ ఫ్రీజరులోంచి తీసిన ఐస్ ప్యాకులను తీసినట్టే టీకాల క్యారియరు పెట్టెలో సర్దుకుని ఊళ్లకు బయలుదేరేవారు. అలా సర్దితే పెంటావాలెంట్, హెపటైటిస్ బి వంటి టీకాలు గడ్డకట్టి శక్తి కోల్పోతాయి. సీసా మీది వీవీఎం గుర్తు వేడి తగిలితే రంగు మారుతుంది గానీ, గడ్డకట్టిన సంగతి చెప్పదు. అందువల్ల చెడిన మందు వేసినా రిజిస్టరులో అది వేసిన డోసే, టీకాలు వేసిన మా శాతం ఎప్పుడూ బాగానే ఉండేది.

ఒక సమీక్షలో, కొత్తగా చేరిన ఏఎన్ఎం ఒకామె సీసాలో పలుకులు కనిపించాయని, వేయకుండా వెనక్కి తెచ్చానని చెప్పింది. అంతకుముందు అలాంటి మాట చెబితే మెమో వచ్చేది కనుక ఎవరూ చెప్పేవారు కాదు; చెప్పే ధైర్యం నేనూ ఎవరికీ ఇవ్వలేదు. అప్పటి డాక్టరు గారు మాత్రం, “ఇంకెవరికైనా ఇలా అయిందామ్మా?” అని మాత్రమే అడిగారు. కాసేపటికి మరో ముగ్గురు నోరు విప్పారు. కావాలని గడ్డకట్టించి కరిగించిన సీసాను, అనుమానమున్న సీసాను ఒకేసారి ఊపి బల్ల మీద పెట్టి చూస్తే, రెండింటిలోనూ మడ్డి ఒకే వేగంతో అడుగుకు దిగింది, అంటే అనుమానమున్నది కూడా గడ్డకట్టిందే. అంతకుముందు ఎందరు పిల్లలకు అలాంటి మందు వేశామో తెలుసుకునే దారి లేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఐస్ ప్యాకులను ముందుగా బయట పెట్టి, ఊపినప్పుడు లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే సర్దాలన్నది శిక్షణలో అందరికీ చెప్పిన నియమమే. అది ఎందుకు జరగడం లేదని ఎవరూ అడగలేదు. అడిగితే తేలిందేమిటంటే, పొద్దున్నే వెళ్లే బస్సు తప్పితే మళ్లీ చాలాసేపు బస్సు లేదు, ప్యాకులు కరిగేదాకా ఆగే వ్యవధి వాళ్లకు లేదు. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు వాటిని తెల్లవారుజామునే బయట పెట్టాలని డ్యూటీ పట్టికలోనే రాశాం.

తర్వాతి రెండు నెలలు పారేసిన సీసాల లెక్క పెరగడంతో పైనుంచి సంజాయిషీ అడిగారు. ఇదివరకు పిల్లలకు వేసినవాటిని ఇప్పుడు పక్కన పెడుతున్నామని డాక్టరు గారు రాతపూర్వకంగా జవాబిచ్చారు.

మశూచి విషయంలోనూ ఇలాగే జరిగింది. 1966 చివర తూర్పు నైజీరియాలో టీకా సరిపోకపోవడంతో, అమెరికా డాక్టరు విలియం ఫేగీ బృందం అందరికీ వేయడానికి బదులు, జబ్బు ఎక్కడుందో వెతికి దాని చుట్టూ ఉన్నవారికి వేసి వ్యాప్తిని ఆపగలిగింది. ఆ పద్ధతిలో 1973లో మన దేశంలో ఇంటింటి గాలింపు మొదలుపెట్టగానే, అంతవరకు లెక్కకు రాని కేసులు వేలల్లో బయటపడ్డాయి. ఆ అంకెలకు బెదిరి గాలింపు ఆపలేదు కనుకనే, దేశంలో పుట్టిన చివరి కేసు 1975 మే నెలలో నమోదైంది.

మా డాక్టరు గారు తర్వాత బదిలీ అయ్యారు, ఆ నలుగురు ఏఎన్ఎంలలో ఇద్దరు వేరే మండలాలకు వెళ్లారు. నేను రిటైరయ్యే నాటికి కూడా పట్టికలో ఆ వరుస అలాగే ఉంది, ప్యాకులు తెల్లవారకముందే బయటికి వచ్చేవి.