మెడిసిన్ ఆలోచన ఉంటే ముందు గ్రేడ్ సంగతి చూడండి

టెక్సాస్‌లో మీ అమ్మాయి వచ్చే ఏడాది ఇంగ్లిష్, హిస్టరీ, బయాలజీ ఏపీలో (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) తీసుకోవాలా, కమ్యూనిటీ కాలేజీ డ్యూయల్ క్రెడిట్‌లోనా (హైస్కూల్‌కీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సు) అని అడిగారు కదండీ. (ఏపీ అంటే మా అమ్మ ఇప్పటికీ మన రాష్ట్రమే అనుకుంటుంది!) మెడిసిన్ ఆలోచన కూడా ఉందన్నారు. నేనైతే అక్కడే ఆగి ఆలోచిస్తాను.

డ్యూయల్ క్రెడిట్‌లో వచ్చిన గ్రేడ్ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మార్కుల రికార్డులో, ఉండిపోతుంది. రేపు మెడికల్ స్కూళ్లకు అప్లై చేస్తే, పదహారేళ్లప్పుడు తెచ్చుకున్న 'సి' కూడా జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలుస్తుంది. ఏపీకి ఆ బెడద లేదు. మేలో పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు. 2 వస్తే కాలేజీ క్రెడిట్ రాదు, అంతే.

మా వాడు డ్యూయల్ క్రెడిట్ ఇంగ్లిష్ తీసుకున్నాడు. వ్యాసం ఆదివారం రాత్రి 11:59కల్లా పెట్టాలి. పన్నెండు దాటాక రెండు నిమిషాలకు పెట్టాడు, సున్నా వేశారు. నేను ప్రొఫెసర్‌కి మెయిల్ పెడితే, మీ అబ్బాయినే రాయమనండి అన్నారు. కాలేజీ రికార్డులపై హక్కు పిల్లలదే మరి.

అందుకే బయాలజీ ఏపీలోనే తీసుకోమనండి. కాకపోతే కొన్ని మెడికల్ స్కూళ్లు ఏపీ క్రెడిట్ ఒక్కటే చాలదంటాయి, కాలేజీలో పైస్థాయి బయాలజీ చదవాల్సి రావచ్చు. హిస్టరీ మాత్రం డ్యూయల్ క్రెడిట్‌లో పెట్టుకోవచ్చు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో కోర్ కోర్సులు (డిగ్రీకి అందరూ చదవాల్సిన మౌలిక కోర్సులు) బదిలీ అవుతాయి. బయటి ప్రైవేటు యూనివర్సిటీల్లో కొన్ని, హైస్కూల్ లెక్కలో వాడేసిన కోర్సుకు మళ్లీ క్రెడిట్ ఇవ్వవు.

ఇంగ్లిష్ సంగతి మీ అమ్మాయినే అడగండి. గడువులు తనే చూసుకోగలదా?