ఆ కుడిచెయ్యి కనబడదట

అమ్మాయీ,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. పశ్చిమ జర్మనీ బాక్సర్ పీటర్ హుస్సింగ్ గురించి తెలుగులో రాయాలని తోచడమే విశేషం. బాగుంది. కానీ ఆరో పేజీ దగ్గర నాకు ఒళ్ళు మండింది.

"1972 మ్యూనిక్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో దురదృష్టవశాత్తూ స్టీవెన్‌సన్ చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకున్నాడు."

ఒక్క వాక్యం! ఆయన 16 సార్లు జాతీయ ఛాంపియన్ అయిన సంగతికి మాత్రం రెండు పేజీలు, పెళ్ళిలో చదివింపుల పట్టీలా. అందులో ఒక్క గుద్దు చప్పుడు వినబడదు.

ఇందులో దురదృష్టం ఏముందమ్మా? ఎదురుగా ఉన్నది తియోఫిలో స్టీవెన్‌సన్, ఇరవయ్యేళ్ళ క్యూబా కుర్రాడు. అంతకుముందే అమెరికా వాళ్ళు ఆశలు పెట్టుకున్న డ్వేన్ బాబిక్‌ని మూడో రౌండ్లో చిత్తు చేసి వచ్చాడు. హుస్సింగ్‌కి 24 ఏళ్ళు, సొంత గడ్డ. రెండో రౌండ్లోనే అయిపోయింది. 212 పోటీల్లో తననెవరూ అంత గట్టిగా కొట్టలేదని తర్వాత ఆయనే చెప్పాడు. ఆ కుడిచెయ్యి కనబడదట, ఉన్నట్టుండి గడ్డం మీద ఉంటుందట. ఫైనల్‌కి రావలసిన రుమేనియా అలెక్సే చేతి గాయంతో దిగలేదు. అంటే మ్యూనిక్‌లో స్టీవెన్‌సన్ దెబ్బ తిన్న ఆఖరి మనిషి మన హుస్సింగే. ఇంత ఉంటే నువ్వేమో "సింహంలా పోరాడాడు" అని రాశావు.

ఉపమానాలు కొట్టెయ్యి. నలభయ్యేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కరూ వినరు. (పైన చదివింపుల పట్టీ నాదే. పాడు అలవాటు.) దెబ్బ తిన్నవాడికి తెలిసింది కొట్టినవాడికి తెలియదు. అక్కణ్ణుంచి రాయి.

నా రెండో కథలో ఊరి కబడ్డీ ఆటగాడు ఓడిపోతాడు. ఒక వారపత్రిక ఎడిటరు గారు అతన్ని గెలిపించి అచ్చేశారు. బస్టాండులో కొనుక్కుని, బెంచీ మీద కూర్చుని నా పేరు కింద ఎవరిదో ముగింపు చదివాను. బస్సు వెళ్ళిపోయింది. 75 రూపాయల మనియార్డరు మాత్రం సంతకం పెట్టి తీసుకున్నాను, ఇంట్లో బియ్యం లేవు. ఇప్పుడు దాన్నే 'స్ఫూర్తి కథనం' అంటున్నారు, ఓడినవాడికి చోటుండదు.

ఇంకోటి. 1979లో కొత్తగా వచ్చిన సూపర్ హెవీవెయిట్ విభాగంలో, కొలోన్‌లో, హుస్సింగ్ యూరప్ ఛాంపియన్ అయ్యాడు. మరుసటేడు పశ్చిమ జర్మనీ మాస్కో ఒలింపిక్స్‌ని బహిష్కరించింది. అక్కడ స్టీవెన్‌సన్ మూడో స్వర్ణం పట్టుకుపోతుంటే, 32 ఏళ్ళ హుస్సింగ్ ఇంట్లో ఉన్నాడు. ప్రొఫెషనల్‌గా మారనూ లేదు. నీ వ్యాసంలో ఈ ఏడాదే లేదు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు, ముందుమాట కూడా అడిగినట్టున్నావు. ముందు ఆ రెండో రౌండు రాసి పంపు. అక్షరం కాస్త పెద్దది పెట్టు, కుడికంటికి శుక్లం ముదిరింది.

ఆశీస్సులతో.