ఆన్‌లైన్ సూచికలో పేరు లేకపోతే ముత్తాత నాటాల్ వెళ్లనట్టేనా?

కాదు, మీరు టైప్ చేసిన స్పెల్లింగుతో ఆ పేరు దొరకలేదని మాత్రమే అర్థం. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు లక్షన్నరకు పైనే. మద్రాసు, కలకత్తా రేవుల్లో ఓడెక్కిన వీళ్ల పేర్లు చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో ఓడ జాబితాల్లోకి ఎక్కాయి. ఆ చేతిరాతను చాలా ఏళ్ల తర్వాత ఇంకెవరో చదివి సూచిక తయారుచేశారు. అంటే పేరు రెండుసార్లు మారే వీలుంది. ఇంటిపేరైతే చాలామందికి రాయనే లేదు. అందుకని ఇంటిపేరుతో వెతకడం దాదాపు దండగ.

చిత్తూరు వైపు నుంచి వెళ్లిన వెంకటస్వామినే తీసుకోండి. ఆయన వెంకటసామి, వెంగడసామి, ఉత్త వెంకడు, ఏ రూపంలోనైనా ఉండొచ్చు. జిల్లా గడిలో చిత్తూరు అని కొడితే అసలే రాడు, ఎందుకంటే ఆ జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు కింద ఉండేది. అలాగే శ్రీకాకుళం వాళ్లను గంజాం జిల్లాలో చూడాలి. పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి, తండ్రి పేరు, ఊరు, వయసు కలిపి పోల్చుకుంటే పని తేలిక.

చాలామంది సూచికనే అసలు రికార్డు అనుకుంటారు. అది దారి చూపేదే. అందులో ప్రతి మనిషికీ ఇచ్చిన వలస నంబరు దొరికితే రాసిపెట్టుకోండి. పేరు ఎన్ని రకాలుగా మారినా మిగతా కాగితాల్లో మనిషిని పట్టిచ్చేది ఆ నంబరే.