మొదటి టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ కూర్చుకునే ముందు

చిరంజీవి సౌజన్యకు మామయ్య ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్‌లో వాల్టర్ ఎల్‌జీ 400 ఎయిర్ రైఫిల్ దొరికిందనీ, మిగతావి విడిగా కొని అమర్చుకుంటాననీ రాశావు. మంచి పనే. కొత్తది కొన్నా నీ ఒంటికి తగ్గట్టు సర్దుకోక తప్పదు. బ్యారెల్ గురించి అడిగినన్ని ప్రశ్నలు బట్ ప్లేటు (భుజానికి ఆనే వెనక భాగం) గురించి అడగలేదేం? నీ స్కోరు తేల్చేది అదే.

డబ్బు చేతిలో పెట్టకముందే రైఫిల్‌కి గాలినిచ్చే సిలిండర్ చూడు. దాని మీద తేదీ చెక్కి ఉంటుంది. మ్యాచ్ రైఫిళ్ల అల్యూమినియం సిలిండర్లు చాలావాటికి ఆయుష్షు 10 ఏళ్లే. గడువు దాటినదాన్ని పోటీలో పక్కన పెట్టించే అధికారం ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పోటీలో సామగ్రిని తనిఖీ చేసే) వాళ్లకుంది, కాబట్టి కొత్త సిలిండర్ ఖర్చు బేరంలోనే తగ్గించుకో. తర్వాత గాలి 200 బార్ (పీడనం కొలత) దాకా నింపి రాత్రంతా ఉంచమను. గది 10 డిగ్రీలు చల్లబడితే గేజి ముల్లు ఆరేడు బార్ దిగుతుంది, దానికి కంగారు పడకు. అంతకు మించి దిగితే అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడు. సాధారణంగా ఓ-రింగే (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) పోయి ఉంటుంది, చిన్న ఖర్చు.

బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) 4.5 మి.మీ. దాటకుండా, శక్తి 20 జౌళ్ల లోపు ఉంటే మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి ఏడున్నర జౌళ్ల దగ్గరే ఉంటుంది. అయినా బిల్లు, పాత యజమాని సంతకంతో కాగితం దాచుకో.

గాలి సంగతి. టైర్ల షాపు కంప్రెసర్ పది బార్ల దగ్గరే ఆగిపోతుంది, పనికిరాదు. చేతి పంపు సరిపోతుంది కానీ మన వర్షాకాలంలో తేమను లోపలికి తోస్తుంది, తేమ ఫిల్టర్ ఉన్నదే తీసుకో. రేంజిలో పెద్ద సిలిండర్ ఉంటే అదే మేలు. అందులో 300 బార్ ఉండి నీది 200 బార్‌దైతే, వాల్వు కొద్దికొద్దిగా తిప్పుతూ గేజి మీదనుంచి కళ్లు తిప్పకుండా నింపాలి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ మాత్రం చచ్చినా వద్దు. లోపల గ్రీజు మరక ఉన్నా పేలుతుంది.

పనిముట్లు ఎక్కువేమీ అక్కర్లేదు. 1.5 నుంచి 6 మి.మీ. దాకా అలెన్ కీల సెట్టు, స్టీలు స్కేలు, ట్రిగ్గర్ బరువు కొలిచే గేజి, సిలికాన్ గ్రీజు, సన్న మార్కర్. అలెన్ కీల దగ్గర పిసినారితనం చేయకు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో చవకగా దొరికేవి నాలుగు తిప్పులకే మూలలు అరిగి, స్క్రూ తలను కూడా తినేస్తాయి. బాల్ ఎండ్ (గుండ్రటి కొన) ఉన్న కీతో వదులు చెయ్యి, చివరి బిగింపు మాత్రం సూటి కొనతోనే.

ఇక అమరిక. వరస తప్పితే చేసిందంతా మళ్లీ చేయాలి. ముందు బట్ ప్లేటు, తర్వాత చీక్ పీస్ (చెంప ఆనించేది), గ్రిప్ (ట్రిగ్గర్ చేతి పిడి), హ్యాండ్ రెస్ట్ (ముందు చెయ్యి కింద ఆనేది), చివర్న డయాప్టర్ (కంటి దగ్గరి వెనక సైటు). ఎయిమ్ చేసేటప్పుడు తల కిందికి వంగుతుంటే బట్ ప్లేటు కిందికి జరుపు, రైఫిల్ పైకి లేస్తుంది. కుడి భుజం వెనక్కి తోసుకుపోతుంటే పొడవు ఎక్కువైనట్టు, ముక్కు డయాప్టర్‌కి తగులుతుంటే తక్కువైనట్టు. చీక్ పీస్‌కి ఒకటే పరీక్ష. కళ్లు మూసుకుని చెంప ఆనించు, తెరువు. ముందు సైటులోని రింగు డయాప్టర్ మధ్యలో కనపడాలి. ఓ పక్కన నల్లటి నీడ కనిపిస్తే మెడ సర్దుకోవద్దు, స్క్రూ సర్దు. మోచెయ్యి తుంటి ఎముక మీద ఆన్చాక బ్యారెల్ టార్గెట్‌కి కిందుగా ఉంటే హ్యాండ్ రెస్ట్ పెంచాలి. ఆ తేడాను చేతి బలంతో పూడిస్తే మొదటి పది షాట్లు బాగానే పడతాయి, నలభయ్యో షాటుకి భుజం వణుకుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చు, పాత స్థానం దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకో. రెండూ కలిపి మార్చావంటే ఏది మేలు చేసిందో ఎప్పటికీ తెలియదు.

డయాప్టర్‌ని రైజర్‌తో (ఎత్తు పెంచే దిమ్మతో) లేపితే ముందు సైటు కూడా అంతే లేవాలి. ముందు రింగు 4.0 నుంచి 4.4 మి.మీ. మధ్య మొదలుపెట్టు. చిన్న రింగులో కదలిక పెద్దగా కనిపించి, వేలు ఆగిపోయి, ఎక్కువసేపు పట్టుకుంటావు. ట్రిగ్గర్ బరువు మొత్తం 100–120 గ్రాముల మధ్య పెట్టు, రెండో స్టేజి (షాటు పేలే ముందు వేలికి తగిలే అడ్డు) గోడలా స్పష్టంగా తెలియాలి. రైఫిల్ బరువుకి 5.5 కిలోలు గరిష్ఠ పరిమితి, అక్కడికి చేరి తీరాలని కాదు. అదనపు బరువులు ఇప్పుడు కొనకు.

పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ గుళ్లు) ఎవరో ఆడారని వాళ్లవే కొనకు. ప్రతి బ్యారెల్‌కీ ఓ ఇష్టం ఉంటుంది. 4.49, 4.50, 4.51 తల సైజుల్లో ఒక్కో డబ్బా తీసుకుని, రైఫిల్‌ని వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) బిగించి ఒక్కోదానితో పదేసి కొట్టు. టార్గెట్ మధ్యలోని పది రింగు అర మిల్లీమీటరు చుక్కే కనుక, తూట్ల గుంపు అంచు నుంచి అంచుకు 9.5 మి.మీ. దాటకపోతే, అదీ సరిగ్గా మధ్యలో పడితే, అన్నీ పదులే. కానీ పదిలోనూ దశాంశాలు లెక్కించే ఈ రోజుల్లో ఆరు మిల్లీమీటర్ల లోపు వచ్చే డబ్బా వెతుక్కో. దొరికాక అదే లాట్ నంబరుతో ఏడాదికి సరిపడా కొను, తర్వాత ఆ లాట్ దొరకదు.

బ్యారెల్ తుడవడానికి ఫెల్ట్ (మెత్తటి ఉన్ని) పెల్లెట్లు చాలు, ఇనుప బ్రష్ జోలికి పోకు. బ్యారెల్ పొడవునా వెళ్లే సేఫ్టీ ఫ్లాగ్ (లోపల గుండు లేదని చూపే రంగు తీగ) మొదటి రోజే కొను, లేకుండా రేంజిలో పెట్టె తెరవనివ్వరు.

బట్ ప్లేటు ఆర్డరు పెట్టేముందు రైఫిల్ పట్టుకుని నిలబడి, పక్కనుంచీ వెనకనుంచీ ఒక్కో ఫోటో తీయించి పంపు. షూటింగ్ కోటు వేసుకుని తీయించు, మామూలు బట్టల్లో పొడవు తప్పుగా కనిపిస్తుంది.

మీ మామయ్య