గ్యారేజీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అకౌంట్లు రాసిపెట్టే సేవ కూడా కలపాలా?

మీరు టూవీలర్ గ్యారేజీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు. "అకౌంట్లు కూడా మీరే చూసిపెట్టండి" అని ఓనర్లు అడుగుతున్నారట. అది సొంతంగా తయారు చేసుకోవాలా, అకౌంటింగ్ సంస్థ సేవని మీ యాప్‌లోపలే ఇవ్వాలా అన్నది మీ ప్రశ్న. మేం విజయవాడ ఆటోనగర్‌లో గ్యారేజీలకు ఇలాంటి సేవే ఇస్తున్నాం కాబట్టి చెప్తున్నాను: కలపండి. పద్దులు రాసే పని మాత్రం అది తెలిసినవాళ్లకే అప్పగించండి. జాబ్ కార్డు (బండికి చేసే పని రాసుకునే కాగితం) నుంచి పద్దు దాకా సమాచారం చెడకుండా చేర్చడం మీ పని.

ఒక్క బిల్లు తీసుకోండి. ఇంజన్ పని, స్పేర్లు కలిపి 10,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 1,800, మొత్తం 11,800. కస్టమర్ క్రెడిట్ కార్డు గీకాడు. కార్డు మెషిన్ కమీషన్ 1.5 శాతం అనుకుంటే 177 రూపాయలు, ఆ కమీషన్ మీద జీఎస్టీ 31.86. మర్నాడు బ్యాంకులో పడేది 11,591.14. స్టేట్‌మెంట్ చూసి దీన్నే అమ్మకంగా రాసేస్తే లెక్కంతా తప్పే. అమ్మకం 10,000. ఆ 1,800 ప్రభుత్వానికి కట్టాల్సింది, ఓనరు ఆదాయం కాదు. 177 ఖర్చు. 31.86 ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసుకోవచ్చు, అంటే ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. పైగా ఆ రోజు కార్డు బిల్లులన్నీ కలిసి ఒకే జమగా పడతాయి. ఏ జమలో ఏ బిల్లు ఉందో మీ సాఫ్ట్‌వేర్‌కి తెలుసు, బయట కూర్చుని రాసే గుమాస్తాకి తెలీదు. ఈ సేవ మీ యాప్‌లోపలే ఉండాలనడానికి నా దృష్టిలో ఇంతకు మించిన కారణం లేదు.

అసలు కష్టం మీ సాఫ్ట్‌వేర్ కంటపడని డబ్బుతోనే. మెకానిక్‌కి ఇచ్చిన అడ్వాన్సు, పక్క షాపులో నగదుకి తెచ్చిన క్లచ్ ప్లేట్లు, ఓనరు సొంత ఫోన్‌పేకి వచ్చిన సొమ్ము. వీటికోసం ఖర్చుల స్క్రీన్ ఎంత బాగా చేసినా ఎవరూ తెరవరు. షట్టర్ దించే వేళకి వాట్సాప్‌లో "ఈ 2,400 దేనికండీ?" అని అడిగితే మాత్రం బిల్లు ఫొటో తీసి పంపుతారు. నెలాఖరున అడిగితే ఎవరికీ గుర్తుండదు. కాబట్టి అడగడానికి ఒక మనిషిని పెట్టండి. ధర కట్టేటప్పుడు ఆ మనిషి జీతం కూడా లెక్కలో వేసుకోండి.

గ్యారేజీని చేర్చుకునేటప్పుడే కొన్ని విషయాలు అడిగి తేల్చుకోవాలి. జీఎస్టీలో రెగ్యులరా, కాంపోజిషనా (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి)? కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, ఇన్‌పుట్ క్రెడిటూ రాదు. పైన చెప్పిన పద్దు వాళ్లకి వర్తించదు. 5 కోట్ల లోపు టర్నోవర్ ఉండి మూడు నెలలకోసారి జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లయినా, ఆ మూడింటిలో మొదటి రెండు నెలల పన్ను మాత్రం ఏ నెలది ఆ మరుసటి నెల 25లోగా కట్టాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, పద్దులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది నిబంధన. మీరు చేయి కలపబోయే సంస్థ దగ్గర అది ఉందో లేదో ముందే చూసుకోండి.

ఆడిటర్ గారిని పక్కన పెట్టే ఆలోచన మాత్రం చేయకండి. ఓనరు ఆయన మాటే వింటాడు. ఆయనకి చూడ్డానికి మాత్రమే వీలున్న లాగిన్ ఇవ్వండి, ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకునేలా ఎక్స్‌పోర్ట్ ఇవ్వండి. మా దగ్గరికి కొత్త గ్యారేజీలు ఎక్కువగా ఆడిటర్ల ద్వారానే వస్తున్నాయి.

అకౌంటింగ్ సంస్థతో ఒప్పందంలో రెండు మాటలు తప్పకుండా రాయించండి: వాళ్ల ఆలస్యం వల్ల పడిన లేట్ ఫీజు వాళ్లే కట్టాలి, విడిపోతే ప్రతి గ్యారేజీ పద్దులూ మొదటి రోజు నుంచి పూర్తిగా మీకు అప్పగించాలి.