తెగని పోగు

ప్రియమైన అమ్మాయికి,

గుడ్డముక్కలు అతికి దుప్పట్లు కుట్టే క్విల్టింగ్ పనిలో రోటరీ కట్టర్ (గుడ్డ కోసే చక్రపు కత్తి) బ్లేడు ఎప్పుడు మార్చాలో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ చదివాను. రెండోసారి గుడ్డలు కోసే బల్ల ముందు నిలబడి, నువ్వు చెప్పినట్టే చేసి చూస్తూ చదివాను. వంట గురించి రాసినా, కుట్టు గురించి రాసినా రెండో చదువు నిలబడే సాగాలన్నది నా చాదస్తం. కూర్చుని చదివితే ప్రతి మాటా నిజమే అనిపిస్తుంది.

“క్విల్టింగ్ చేసేవారు రోటరీ కట్టర్ బ్లేడును ప్రతి మూడు నెలలకు ఒకసారి మార్చాలి” అని మొదలుపెట్టావు. ఆ వాక్యం నీది కాదు. ఎక్కడో చదివి ఉంటావు, నిక్కచ్చిగా కనిపించింది కదా అని తెచ్చుకుని ఉంటావు. మూడు నెలలు ఎవరికి? సంక్రాంతి నుంచి ఉగాది దాకా నేను ఒక్క పట్టీ కూడా కోయని ఏడాది ఉంది. ఉదయం బిగించిన బ్లేడును సాయంత్రానికి పాడుచేసుకున్న రోజూ ఉంది. పాల ప్యాకెట్టు మీద ఉన్నట్టు బ్లేడు మీద గడువు తేదీ ఉండదు. వారానికి ఒక దుప్పటికి సరిపడా కోసే మనిషికీ, పండక్కి ఒక దిండు గలీబు కుట్టుకునే మనిషికీ ఒకటే లెక్క చెబితే ఒకరికి డబ్బు దండగ, ఇంకొకరికి గుడ్డ దండగ.

ఇక మూడో పేజీకి వద్దాం. అక్కడ ఒక్క వాక్యంలో దాటేశావు: “అమ్మ ధర్మవరం చీర అంచు కోస్తుంటే కొత్త బ్లేడుకు గాటు పడింది, ఇంకొకటి మార్చాల్సి వచ్చింది.” వ్యాసం మొత్తంలో నాకు నువ్వు కనిపించినది ఆ వాక్యంలోనే. తక్కినదంతా బ్లేడ్లు అమ్మే అంగడివాడు కూడా రాయగలడు. తల్లి పట్టుచీరను అమెరికాలో క్విల్ట్‌గా మార్చుకునే కూతుళ్ళు మన తెలుగువాళ్ళలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళకు ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్పేవారు తక్కువ. వ్యాసాన్ని అక్కడే మొదలుపెట్టు.

అయితే ముందు ఒక ప్రశ్న. “గాటు” అన్నావు. అది గాటేనా?

ఇది మాటల పట్టింపు కాదు. బ్లేడు చెడిపోవడం రెండు రకాలు. ఒకటి గాటు పడటం, అంటే అంచులో ఒకచోట చిన్న ముక్క లేచిపోవడమో నొక్కుకుపోవడమో. రెండోది మొద్దుబారడం, అంటే అంచు చుట్టూ పదును అరిగిపోవడం. రెండింటి గుర్తులూ వేరు, కారణాలూ వేరు. గాటు పడ్డ బ్లేడు గుడ్డంతా చక్కగా కోసి, ఒక్కచోట రెండు మూడు పోగులు వదిలేస్తుంది. మళ్ళీ చక్కగా కోస్తుంది, మళ్ళీ వదిలేస్తుంది. పట్టీని ఎత్తితే కింద ముక్క ఆ పోగులు పట్టుకుని వేలాడుతుంది. అప్పుడు విసుక్కుని కత్తెర అందుకోకు, టేపు అందుకో. ఒక తెగని చోటు నుంచి తర్వాతి తెగని చోటుకు ఎంత దూరమో కొలువు. నువ్వు వాడేది 45 మిల్లీమీటర్ల బ్లేడు కాబట్టి దాని చుట్టుకొలత 14 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, మన టేపులో సుమారు ఐదున్నర అంగుళాలు. తెగని చోట్ల మధ్య ప్రతిసారీ అదే దూరం ఉంటే అది గాటే, సందేహం లేదు. చక్రం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఆ దెబ్బతిన్న చోటు గుడ్డ మీదికి వస్తోందన్నమాట. 60 మిల్లీమీటర్ల బ్లేడైతే ఆ దూరం ఏడున్నర అంగుళాలకు దగ్గరగా, 28దైతే మూడున్నరకు దగ్గరగా ఉంటుంది.

నాకు ఈ లెక్క తెలియక ముందు ఏం చేశానో చెబుతాను, నవ్వుకో. గజం గుడ్డను అంచుకు అంచు కలిపి మడిచి, మళ్ళీ మడిస్తే నాలుగు పొరలు, దాదాపు పదకొండు అంగుళాల కోత. అందులో రెండుచోట్ల పోగులు మిగులుతున్నాయి. గుడ్డ నేతలో లోపమని నిర్ధారించుకుని, దుకాణానికి తీసుకెళ్ళి వాదించాను. వాళ్ళు మర్యాదగా గుడ్డ మార్చి ఇచ్చారు. ఇంటికి వచ్చి కొత్త గుడ్డ కోస్తే అదే దూరంలో అవే పోగులు. పదకొండులో ఐదున్నరలు ఎన్నో లెక్క వేసుకోవడానికి నాకు ఆ రాత్రి దాకా పట్టింది. ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళడానికి నెల పట్టింది.

తెగని చోట్లు సమానమైన దూరంలో లేకపోతే బ్లేడును తిట్టే ముందు కోతకు అడుగున పరిచిన మ్యాట్‌ను చూడు. మనకు అలవాటైన గీత ఒకటి ఉంటుంది. ఏళ్ళ తరబడి దాని మీదే కోస్తాం. అక్కడ సన్నని గాడి పడుతుంది. గుడ్డ ఆ గాడిలోకి దిగిపోతుంది, బ్లేడు పైనుంచి వెళ్ళిపోతుంది. పరీక్ష తేలిక: గుడ్డను మ్యాట్ మీద ఇంకో మూలకు జరిపి కోసి చూడు. అక్కడ శుభ్రంగా తెగితే బ్లేడుకు ఏ పాపమూ తెలియదు.

ఇప్పుడు నీ ధర్మవరం చీర. జరీ అంటే లోహం. వెండి తీగనో రాగి తీగనో సాగదీసి, పల్చగా చేసి, దారం చుట్టూ చుడితే జరీ అవుతుంది. చవక రకమైతే ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత ఉంటుంది. నాలుగు అంగుళాల అంచును అడ్డంగా కోసినప్పుడల్లా బ్లేడు వందల కొద్దీ తీగల మీద నడుస్తుంది. అయితే అది చక్రమంతా తిరుగుతూ నడుస్తుంది కాబట్టి జరీ చేసే హాని సాధారణంగా చుట్టూ పడుతుంది, ఒకచోట కాదు. జరీ వల్ల బ్లేడు మొద్దుబారాలి, గాటు పడటం నాకు అనుమానమే. మరి నీకు పోగులు ఐదున్నర అంగుళాలకోసారి మిగిలాయా, కోత పొడవునా మిగిలాయా? కోత పొడవునా అయితే దోషం జరీదే. ఐదున్నరకోసారి అయితే, పట్టు జారిపోతోందని నువ్వు గుండుసూదులు గుచ్చి ఉంటావు, వాటిలో ఒకదాని మీదుగా కట్టర్ పోయి ఉంటుంది. ఉన్న గుండుసూదులన్నీ లెక్కపెట్టు. తల తెగినదో, వంగినదో ఒకటి కనిపిస్తుంది.

చూశావా, “గాటు పడింది” అని రాసేశాక ఇదంతా అడిగే అవకాశం పాఠకురాలికి ఉండదు. ఆమె కూడా జరీనే నిందించి, సూదులు తీయకుండా ఇంకో కొత్త బ్లేడు బిగిస్తుంది. చేతిపని మీద రాసేటప్పుడు నీకు ఏమనిపించిందో రాయడం తర్వాత సంగతి. గుడ్డ మీద ఏం కనిపించిందో మొదట రాయి.

మొద్దుబారడానికి గుర్తులు నీ వ్యాసంలో ఉన్నాయి, బాగానే రాశావు. చేయి ఎక్కువగా నొక్కాల్సి రావడం, రెండోసారి కట్టర్ నడపాల్సి రావడం, నాలుగు పొరల్లో అడుగు పొర తెగకపోవడం. ఒకటి వదిలేశావు. కోత అయ్యాక మ్యాట్ మీద వేలితో నిమిరి చూడు. మొద్దు బ్లేడు పోగును కోయదు, దాన్ని మ్యాట్‌లోకి కుక్కుతుంది. గీత వెంట నూగులాగా గుడ్డ రంగు మిగులుతుంది. ఎర్ర గుడ్డ కోసినప్పుడు మ్యాట్ మీద ఎర్ర గీత కనిపించిందంటే ఇక ఆ బ్లేడుతో బేరం పెట్టుకోవద్దు. పదునైన బ్లేడుకు ఒక సన్నని చప్పుడు కూడా ఉంటుంది, పట్టుచీర కుచ్చిళ్ళు నేలకు రాసుకున్నట్టు. అది పోయి, బరబరమని ఈడ్చే చప్పుడు వస్తుంది. దీన్ని మాటల్లో ఎలా పెడతావో నీ ఇష్టం. నేను ఇరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, ఆ కుచ్చిళ్ళ పోలిక కూడా నాకు పూర్తిగా నచ్చలేదు.

మార్చే ముందు ఒకసారి విప్పి తుడవాలన్న మాట నీ వ్యాసంలో లేనే లేదు. అది పెద్ద లోపం. బ్లేడు వెనక నూగు పేరుకుంటే చక్రం తిరగదు. నట్టు మరీ బిగించినా తిరగదు. తిరగని చక్రం ఈడ్చుకుపోతుంది, మనం మొద్దుబారిందనుకుంటాం. భాగాలు విప్పిన వరుసలోనే బల్ల మీద పేర్చుకుని, బ్లేడును మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి, కుట్టు మిషను నూనె ఒక చుక్క వేసి, నట్టు కాస్త వదులుగా బిగించి చూడమను. పట్టు వెనక జిగురు పూసిన గట్టి గుడ్డ, అదే ఇంటర్‌ఫేసింగ్ అతికించి కోస్తావు కదా, ఆ జిగురు కూడా బ్లేడుకు అంటుకుంటుంది. చచ్చిపోయాయనుకున్న బ్లేడ్లలో కొన్ని ఈ స్నానంతోనే లేచి కూర్చుంటాయి. పదును చూడటానికి మాత్రం బొటనవేలితో తడిమే అలవాటు ఉన్నవారికి గట్టిగా చెప్పు. మన ఇళ్ళలో కత్తిపీటను అలా చూసేవాళ్ళం. ఇది కత్తిపీట కాదు.

నీ రెండో పేజీలో ఒసాకా చరిత్ర ఉంది. రోటరీ కట్టర్‌ను జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో తెచ్చిందనీ, అదే సంస్థ వ్యవస్థాపకుడు యోషియో ఒకాడా 1956లో విరుచుకునే బ్లేడు కత్తిని తయారుచేశాడనీ, చాక్లెట్ పలకల గీతలు చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందనీ రాశావు. సరైనదే. కానీ అది అక్కడ వచ్చి పోయే బంధువులా కూర్చుంది. దాన్ని తీసేయమని నేను అనను, పనికి పెట్టమంటాను. విరుచుకునే కత్తి మీద గీతలు ఉంటాయి. కొస మొద్దుబారితే ఎక్కడ విరవాలో ఆ గీతే చెబుతుంది. గుండ్రటి బ్లేడుకు ఆ గీత లేదు, కొస కూడా లేదు. పాత బ్లేడూ కొత్త బ్లేడూ చూపుకు ఒక్కలాగే ఉంటాయి. నీ వ్యాసం అవసరమైందే అందుకు. ఆ చరిత్ర ఈ సంగతి పక్కన ఉంటే చదివేవారు దాటేయరు.

“రోటరీ కట్టర్ లేకుండా మంచి క్విల్ట్ సాధ్యం కాదు” అన్న వాక్యం మాత్రం కొట్టేయి. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె స్త్రీలు కుట్టిన క్విల్టుల ప్రదర్శన 2002లో ఇక్కడ హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో పెట్టారు. పొలంలో పనిచేసి చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు కోసి అతికినవి. వాటిలో చాలావాటిని కుట్టేనాటికి ఈ చక్రం పుట్టనే లేదు. గీతలు వంకరగా వెళతాయి, ఆ వంకర దగ్గరే మనిషి ఆగిపోతుంది. మా అమ్మ బొంతకు నూలుచీర చింపేటప్పుడు కత్తెరతో అంచున ఒక చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగేది. చీర పోగు వెంట తిన్నగా చిరిగేది. రూలర్ ఏది, మ్యాట్ ఏది? అయినా జరీ అంచు దగ్గరకు వచ్చేసరికి ఆ చింపు ఆగిపోయేది. అంచును విడిగా కత్తెరతో తీసి దాచేది. నువ్వూ అదే చెయ్యవచ్చు. అంచును ముందు పాత బ్లేడుతో వేరుచేసి, పట్టును కొత్త బ్లేడుతో కోసుకోవచ్చు.

వేళ్ళ సంగతి ఒక్క వాక్యంలో చెప్పావు, ఇంకొంచెం చెప్పు. మొద్దు బ్లేడుకు భుజం బలం పెడతాం, అది రూలర్ ఎక్కి అవతలికి దూకుతుంది. నా ఎడమ చూపుడు వేలి కొస అలాగే పోయింది, గోరు ఇప్పటికీ వంకరగా పెరుగుతుంది. అయితే రెండో ప్రమాదం గురించి ఎవరూ రాయరు. కొత్త బ్లేడు బిగించిన రోజున చేతికి పాత బలం అలవాటై ఉంటుంది. ఆ బలంతోనే నొక్కితే మ్యాట్ లోతుగా తెగుతుంది. కొత్త బ్లేడుతో మొదటి నాలుగు కోతలు పనికిరాని గుడ్డ మీద, చేయి బరువు మరిచేదాకా కోయమను.

తీసేసిన బ్లేడును చెత్త సంచిలో వేయవద్దన్నావు, సంతోషం. పాత మందుల డబ్బాలో వేసి మూత బిగిస్తే చాలు. కాగితాలు కోయడానికి ఒకటి విడిగా ఉంచుకుంటే దాని మీద మార్కర్‌తో చుక్క పెట్టుకోమను. కాగితం కోసిన బ్లేడును మళ్ళీ గుడ్డకు వాడితే ఏమవుతుందో ఒకసారి చూసినవారికి ఇంకోసారి చెప్పక్కర్లేదు.

ఇంకో మాట, ఇది పూర్తిగా రాత గురించి. చివరి పేరాలో బ్లేడును కలంతో పోల్చి, “మన ఆలోచనలకూ పదును పెట్టుకోవాలి” అని ముగించావు. ఆ పేరా మొత్తం తీసెయ్. నీకు కోపం వస్తుందని తెలుసు, అది నువ్వు అన్నింటికన్నా ఎక్కువ శ్రమపడి రాసిన పేరా అని కూడా తెలుసు. నా మొదటి పదేళ్ళ వ్యాసాలన్నిటికీ అలాంటి తోక ఉండేది. బ్లేడు గురించి చదవడానికి వచ్చిన మనిషి బ్లేడు గురించి తెలుసుకుని వెళ్ళనీ.

తిరగరాసి పంపేటప్పుడు ఆ తెగని పోగుల మధ్య దూరం కొలిచి రాయి. పాడైన ఆ బ్లేడు పారేయకపోతే దాన్ని పెట్టెలో పెట్టి పంపు, నా భూతద్దం కింద చూస్తాను. ఆ ధర్మవరం అంచు ఇంకా ఎంత మిగిలిందో, ఏ రంగో కూడా రాయి. వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు.

ఆశీస్సులతో,
మీ హ్యూస్టన్ ఆంటీ